రసీదు లేని డబ్బు

(మహిళా సంఘం సభలో చేసిన ప్రసంగం)



ఈ పూట మాట్లాడుకునేది డబ్బు గురించి. కూలి డబ్బు గురించి కాదు. పొదుపు డబ్బు గురించీ కాదు. ఆ డబ్బుకి లెక్క ఉంటుంది. సంఘంలో పొదుపు కడితే పుస్తకంలో రాస్తారు. కేంద్రంలో పాలు పోస్తే చీటీ ఇస్తారు. కొట్లో ఉప్పూ పప్పూ అరువు తెచ్చుకున్నా కొట్టాయన చిట్టాలో రాసుకుంటాడు.

లెక్కా పత్రం లేని డబ్బు ఇంకొకటి ఉంది. ఇచ్చినవాళ్ళు ఇచ్చామని నలుగురిలో చెప్పుకోరు. పుచ్చుకున్నవాళ్ళు అసలే చెప్పరు. దానికి రసీదు ఉండదు. అదే లంచం.

లంచం అనే మాటని ఆఫీసుల్లో ఎవరూ నోట పలకరు. గమనించారా? "లంచం ఇవ్వమ్మా" అని ఎవరూ అడగరు. "టీ డబ్బులు" అంటారు. "ఖర్చులుంటాయి కదమ్మా" అంటారు. "నాకేం వద్దు, పైవాళ్ళకి ఇవ్వాలి" అంటారు. ఇచ్చినవాళ్ళు "చేయి తడిపాం" అంటారు. అన్నిటికన్నా గడుసు మాట ఇంకొకటి ఉంది. అది "మామూలు". మామూలు అంటే ఎప్పుడూ ఉండేదని అర్థం. పొద్దున్నే లేచి వాకిలి ఊడవడం మామూలు. సాయంత్రం దీపం పెట్టడం మామూలు. జైల్లో పెట్టదగిన తప్పుకి ఆ పేరు పెట్టారు. పేరు మెత్తగా ఉంటే తప్పు కూడా మెత్తగానే కనిపిస్తుంది మరి!

ఒక కథ వినండి. ఊరి పేరు ఎందుకు? ఏ ఊరైనా ఒకటే.

ఒక హమాలీ ఉండేవాడు. మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. వయసు 46. ఒకరోజు మధ్యాహ్నం బస్తా దించాడు. నీళ్ళు తాగాడు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. భార్యా, ఇద్దరు పిల్లలూ మిగిలారు.

ఇంటికి ఆధారమైన మనిషి 60 ఏళ్ళు రాకుండానే చనిపోతే బీద కుటుంబానికి సాయం చెయ్యడానికి కేంద్ర ప్రభుత్వం 1995లో ఒక పథకం పెట్టింది. దాని పేరు జాతీయ కుటుంబ ప్రయోజన పథకం. 2012లో ఆ సాయాన్ని 20,000 రూపాయలకు పెంచారు. మనిషి పోయిన సంగతి 21 రోజుల్లోపు చెప్పి రాయిస్తే రుసుం లేదు. రాయించినవాళ్ళకి సర్టిఫికెట్ కాగితం కూడా ఉచితంగానే ఇవ్వాలి. ఇది 1969 నాటి చట్టం.

ఆమెకి ఈ సంగతులేవీ తెలీవు. అప్పటికి అక్షరం ముక్క రాదు. ఎవరో చెబితే ఆఫీసుకి వెళ్ళింది. మొదటిసారి "సారు లేరు" అన్నారు. రెండోసారి "ఈ కాగితం చాలదు" అన్నారు. మూడోసారి తెచ్చిన కాగితంలో మొగుడి పేరు తప్పు పడిందన్నారు. ఆ పేరు రాసింది వాళ్ళే! నాలుగోసారి "సోమవారం రా" అన్నారు. ఆమె వెళ్ళింది సోమవారమే.

ఆఫీసు వసారాలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఉద్యోగి కాదు. అయినా అన్ని గదుల్లోకీ వెళ్ళి వస్తుంటాడు. అతను పలకరించాడు. "ఏమ్మా, ఇట్టా ఎన్నాళ్ళు తిరుగుతావు? మూడు వేలు అయిద్ది. వారంలో పని చేయిస్తా" అన్నాడు.

ఆమె దగ్గర మూడు వేలు ఎక్కడివి? మొగుడి దినం ఖర్చులకే అప్పు చేసింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి మళ్ళీ తెచ్చింది. మూడు వేలకి నెలకి 90 రూపాయల వడ్డీ. సాయం డబ్బు చేతికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అంటే వడ్డీయే 720. ఇది కాక నాలుగుసార్లు తిరిగింది. తిరిగినప్పుడల్లా 300 కూలి పోయింది, 40 బస్సుకయ్యింది. అది 1,360. మొత్తం ఎంతయ్యింది? మీ పలకల మీద వేసి చూడండి. 3,000, 720, 1,360. కూడితే 5,080 రూపాయలు. ఇరవై వేలలో ఐదు వేలు పోయింది. మొగుడి చావు మీద వచ్చిన డబ్బు అది. అందులో నాలుగో వంతు పోయింది.

ఇంతకన్నా బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. పని అయ్యాక ఆమె ఏమనుకుంది? "అమ్మయ్య! పాపం ఆయన మాట నిలబెట్టుకున్నాడు" అనుకుంది. వీధిలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా "ఆయనకి ఇయ్యండి, పని అయిద్ది" అని చెప్పేది. తన మెడ కోసిన కత్తి పదునుగా ఉందని ఆమే పదిమందికీ చెప్పింది. ఆమెని తప్పు పట్టడానికి లేదు. తలుపు ఒకటే తెరుచుకుని కనిపిస్తే ఎవరైనా ఆ తలుపునే చూపిస్తారు.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు" అని సామెత. ఈ పూజారి ఎందుకిలా తయారయ్యాడు?

ఏ ఉద్యోగీ తల్లి కడుపులోనుంచి లంచగొండిగా పుట్టడు. కొత్తగా చేరిన రోజుల్లో ఎవరో పని అయిన సంతోషంతో వంద రూపాయలు బల్ల మీద పెడతారు. వద్దంటాడు. చేతులు వణుకుతాయి. రెండోసారి మొహం తిప్పుకుంటాడు, వంద మాత్రం సొరుగులోకి పోతుంది. కొన్నాళ్ళకి వంద పెట్టనివాడి మీద కోపం వస్తుంది. ఇంకొన్నాళ్ళకి పని ఆపి పెట్టడం నేర్చుకుంటాడు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. పని తొందరగా అయితే డబ్బెవరిస్తారు? అందుకని ఆలస్యాన్ని తయారు చేస్తారు. కుమ్మరి కుండ చేసినట్టు, మేదరి బుట్ట అల్లినట్టు, ఆఫీసులో ఆలస్యం తయారవుతుంది. "సారు లేరు" ఒక సరుకు. "సోమవారం రా" ఒక సరుకు. వాటిని తప్పించుకోవడానికే జనం డబ్బిస్తారు.

లంచం తీసుకోని ఉద్యోగులు లేరా? ఉన్నారు. అలాంటివాళ్ళని తోటివాళ్ళే బతకనివ్వరు. "పెద్ద సత్యహరిశ్చంద్రుడు" అని ఎగతాళి చేస్తారు. డబ్బుకి ఉన్న చెడు బలం ఇది. తీసుకునేవాడిని చెడగొట్టి ఊరుకోదు. పక్కన ఉన్నవాడిని కూడా లాగుతుంది.

కొన్నిచోట్ల మంచి సీటు కావాలంటే ఉద్యోగే పైవాళ్ళకి ఇచ్చుకోవాలి. ఇచ్చినవాడు ఊరుకుంటాడా? వడ్డీతో సహా రాబట్టుకుంటాడు. కంట్రాక్టరు పర్సెంటేజీ ఇస్తే ఆ డబ్బు సిమెంట్లో తగ్గుతుంది. రోడ్డు మొదటి వానకే లేచిపోతుంది. కంచే చేను మేస్తే ఇంకేముంది?

ఇలా చెప్పుకుంటూ పోతే గుండె దిగులు పడుతుంది. "లోకమే అంత" అనిపిస్తుంది. లోకమే అంత కాదని చూపించినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు కాదు. మట్టి తవ్వే కూలీలు. చాలామంది ఆడవాళ్ళు. వాళ్ళ ఊళ్ళు రాజస్థాన్‌లో ఉన్నాయి.

రాజస్థాన్ మధ్యలో రాళ్ళ గుట్టల నేల ఉంది. వాన తక్కువ. కరువు ఎక్కువ. కరువు వచ్చినప్పుడు ప్రభుత్వం రోడ్డు పనులూ, చెరువు పనులూ పెట్టేది. పని చేసినవాళ్ళ పేర్లు ఒక పట్టీలో రాసేవాళ్ళు. దాన్ని మస్టరు అంటారు. ఎవరు ఎన్ని రోజులు చేశారు, ఎంత కూలి ఇచ్చారు అనేది అందులో ఉంటుంది. పక్కన వేలిముద్ర. ఆడవాళ్ళు రోజంతా మట్టి మోసేవాళ్ళు. చట్టం చెప్పిన కూలి మాత్రం చేతికొచ్చేది కాదు. "పని సరిగ్గా చెయ్యలేదు, కొలతల్లో తక్కువొచ్చింది" అనేవాళ్ళు. "మస్టరు చూపించండి" అంటే "అది ప్రభుత్వ రహస్యం" అనేవాళ్ళు. తట్ట ఎత్తింది వీళ్ళు, వేలిముద్ర వేసింది వీళ్ళు. ఆ కాగితం చూడటానికి మాత్రం వీళ్ళకి హక్కు లేదట!

1987లో ఆ ప్రాంతంలో దేవ్‌డూంగరి అనే చిన్న ఊరికి కొందరు వచ్చి మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. వాళ్ళలో అరుణా రాయ్ ఒకరు. కలెక్టర్లయ్యే పెద్ద పరీక్ష పాసై, ఆ ఉద్యోగం వదిలేసిన మనిషి. నిఖిల్ డే, శంకర్ సింగ్ ఆమెతో ఉన్నారు. 1990 మే 1న కూలీలూ రైతులూ కలిసి సంఘం పెట్టుకున్నారు. దాని పేరు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్. కూలీల, రైతుల బలం అని ఆ పేరుకి అర్థం.

వాళ్ళకి ఒక సంగతి అర్థమైంది. దొంగతనం పొలంలో జరగలేదు, రోడ్డు మీద జరగలేదు. కాగితం మీద జరిగింది. దొంగ దొరకాలంటే కాగితం చేతికి రావాలి.

1994 డిసెంబరు 2న కోట్‌కిరానా అనే ఊళ్ళో ఒక సభ పెట్టారు. ఒక అధికారి కాగితాలు చూసి రాసుకోనిచ్చాడు. మంచివాళ్ళు ఉంటారని చెప్పుకున్నాం కదా! ఆ కాగితాల్లో ఉన్నది సభలో గట్టిగా చదివారు. ఫలానా మనిషి ఇన్ని రోజులు పని చేసింది, ఇంత కూలి తీసుకుంది అని ఒక్కొక్క పేరే చదువుతున్నారు.

జనం వింటున్నారు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు వచ్చాయి. ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ పేర్లు వచ్చాయి. పనికే వెళ్ళనివాళ్ళు కూలి తీసుకున్నట్టు ఉంది. పనికి వెళ్ళినవాళ్ళకి ఇచ్చింది ఒకటి, రాసింది ఇంకొకటి. పూర్తయ్యిందని రాసిన కట్టడం కళ్ళ ముందు సగంలో నిలబడి ఉంది. కాగితంలో పడుకున్న అబద్ధం ఊరందరి మధ్యా లేచి కూర్చుంది. అంతవరకూ "పెద్దవాళ్ళతో మనకెందుకు" అనుకున్న ఆడవాళ్ళు లేచి మైకు పట్టుకున్నారు. "నేను పనికి వెళ్ళలేదు. ఆ వేలిముద్ర నాది కాదు" అని చెప్పారు.

ఇంకొన్ని ఊళ్ళలో అలాంటి సభలు జరిగాయి. దాంతో లోపల ఉన్నవాళ్ళకి భయం పట్టుకుంది. కాగితాలు చూపించం అని కొన్నిచోట్ల గ్రామ ఉద్యోగులు సమ్మె కూడా చేశారు! దొంగ దొరికిపోతాడని తాళం చెవులు దాచిపెట్టినట్టు ఉంది ఇది. 1995 ఏప్రిల్లో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి శాసనసభలో మాట ఇచ్చాడు. పంచాయతీ పనుల కాగితాల నకళ్ళు ప్రజలకి ఇస్తామన్నాడు. ఏడాది గడిచింది. మాట మాటగానే ఉంది.

1996 ఏప్రిల్ 6న జనం బ్యావర్ అనే పట్నానికి వెళ్ళి ధర్నాకి కూర్చున్నారు. అది ఎండాకాలం. రాజస్థాన్ ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఊళ్ళ నుంచి గోధుమలు తెచ్చుకున్నారు. పట్నంలో కూరగాయలు అమ్మేవాళ్ళు కూరలు ఇచ్చారు. కూలి పోగొట్టుకుని, వంతులు వేసుకుని కూర్చున్నారు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. 40 రోజులు! వాళ్ళు అడిగింది కూలి పెంచమని కాదు. బియ్యం ఇమ్మని కాదు. కాగితం చూపించమని. అప్పటిదాకా ఎవరైనా కాగితం కోసం ధర్నా చేశారా? "మా డబ్బు, మా లెక్క" అని నినాదం చేశారు.

ఆ రోజుల్లోనే సుశీల అనే ఆమె ఢిల్లీలో విలేకరుల ముందు మాట్లాడింది. ఆమె చదువు నాలుగో తరగతి. "ఇంత చిన్న చదువు చదివావు, నీకు ప్రభుత్వ లెక్కలెందుకు?" అన్నట్టుగా ఎవరో అడిగారు. ఆమె తడుముకోలేదు. కొడుక్కి పది రూపాయలిచ్చి బజారుకి పంపితే, తిరిగొచ్చాక లెక్క అడుగుతాను కదా అంది. ప్రభుత్వం మా పేరు మీద కోట్లు ఖర్చు పెడుతోంది, దానికి లెక్క అడగొద్దా అంది. ఢిల్లీ పెద్దలు వంద పేజీల్లో రాసినా ఇంత సూటిగా రాయలేరు. ఏ ఇల్లాలికైనా తెలిసిన సంగతే ఆమె చెప్పింది. చింతపండు ఎంత, చిల్లర ఎంత అని అడగని తల్లి ఉందా?

చివరికి 2005లో దేశ స్థాయిలో చట్టం వచ్చింది. సమాచార హక్కు చట్టం. ఆ సంవత్సరం అక్టోబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది. తెల్ల కాగితం మీద రాసి అడగొచ్చు. నా దరఖాస్తు ఏమైంది, ఎవరి బల్ల మీద ఉంది, ఎన్ని రోజుల నుంచి ఉంది అని అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసుకి రుసుం పెట్టలేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు పెట్టారు. బీదరికం రేఖకి దిగువన ఉన్నవాళ్ళు ఎక్కడా కట్టక్కర్లేదు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్పొచ్చు. దాన్ని కాగితం మీద పెట్టడానికి ఆ అధికారే సాయం చెయ్యాలి. చట్టంలోనే ఆ మాట ఉంది. జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు.

ఆ రాజస్థాన్ గాలి ఇటు కూడా వీచింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. మొదలుపెట్టిన ఊరు అనంతపురం జిల్లా బండ్లపల్లి. ఆ సంవత్సరమే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలుపెట్టారు. రాజస్థాన్ సంఘంలో పనిచేసినవాళ్ళు వచ్చి నేర్పారు. కూలీల ఇళ్ళలో చదువుకున్న కుర్రవాళ్ళూ, ఆడపిల్లలూ మస్టర్లు చేతపట్టుకుని గడప గడపకీ వెళ్ళారు. "పిన్నీ, ఈ వారం ఆరు రోజులు చేశావని ఉంది. నిజమేనా? ఎంత ఇచ్చారు?" అని అడిగారు. పుస్తకంలో ఉన్నదీ, నోటితో చెప్పిందీ పక్కపక్కన పెట్టి చూశారు. తరవాత మండలంలో అందరి ముందూ చదివారు. తిన్న డబ్బు కొంత కక్కించారు. కొందరి ఉద్యోగాలు పోయాయి. తిన్నదంతా తిరిగొచ్చిందా అంటే రాలేదు. ఆ సంగతి దాచిపెట్టడం ఎందుకు? అయితే మస్టరులో పేరు చదువుకోగల ఆడమనిషి ఊళ్ళో ఒక్కతి ఉన్నా, రాసేవాడి చేయి కాస్త ఆగుతుంది.

ఇదంతా పదిమంది కలిసి చేసే పని. ఒక్క ఆడమనిషి దగ్గర ఒక్క ఉద్యోగి నిలువునా లంచం అడిగితే ఏం చెయ్యాలి?

రెండు రాష్ట్రాల్లోనూ అవినీతి నిరోధక శాఖ ఉంది. ఏసీబీ అంటారు. ఫోను నంబరు 1064. డబ్బు పడదు. పల్లెల్లో దీని గురించి రకరకాలుగా అనుకుంటారు. అసలు ఎలా పట్టుకుంటారో వినండి. చాలా తమాషాగా ఉంటుంది.

ఫలానా ఆయన ఇంత అడుగుతున్నాడని వెళ్ళి చెప్పాలి. వాళ్ళు ముందు నిజమో కాదో విచారిస్తారు. ఇవ్వాల్సిన నోట్ల మీద నంబర్లు రాసుకుంటారు. ఆ నోట్లకి తెల్లటి పొడి పూస్తారు. దాని పేరు ఫినాఫ్తలీన్. పేరు నోరు తిరగకపోయినా పర్వాలేదు. కంటికి ఆ పొడి కనిపించదు. సాక్షులుగా వేరే ఆఫీసు ఉద్యోగులు ఉంటారు. నోట్లు పట్టుకుని వెళ్ళాలి. అతను అడిగితేనే ఇవ్వాలి. అడగకుండా చేతిలో పెట్టకూడదు. ఇది బాగా గుర్తుంచుకోండి. అతను తీసుకున్నాక చెప్పిన గుర్తు చెయ్యాలి. అధికారులు లోపలికి వస్తారు. గిన్నెలో నీళ్ళు పోస్తారు. అందులో సోడా పొడి కలుపుతారు. బట్టలు ఉతికే చాకలి సోడా ఉంటుంది కదా, ఆ జాతిదే. "చేతులు ముంచండి" అంటారు. నోట్లు పట్టుకున్న చేతులు ముంచగానే తెల్లటి నీళ్ళు గులాబీ రంగులోకి మారతాయి!

చేయి తడపడం అంటే లంచం ఇవ్వడం అని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఇక్కడ నిజంగానే చేయి తడుపుతారు.

ఆ నీళ్ళని సీసాలో పోసి సీలు వేసి పరీక్షకి పంపుతారు. అయితే నీళ్ళు ఎర్రబడినంత మాత్రాన కోర్టులో శిక్ష పడదు. అతను అడిగాడని కూడా రుజువు కావాలి. అందుకని ఏ రోజు, ఎక్కడ, ఏ మాటలతో అడిగాడో రాసి పెట్టుకోవడం మంచిది. రాయడం వచ్చింది కదా ఇప్పుడు! 2022లో సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చింది. ఫిర్యాదు చేసిన మనిషి చనిపోయినా, మాట మార్చినా, మిగతా సాక్ష్యాలతో కేసు నిలబెట్టొచ్చని చెప్పింది. తప్పు రుజువైతే కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళు జైలు. వలకి వాడిన డబ్బు ఫిర్యాదు చేసినవాళ్ళకి తిరిగి ఇస్తారు.

ఇంకో మాట. ఇది చాలామందికి తెలీదు. 2018లో చట్టం మార్చారు. అప్పటి నుంచి లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్ళు 7 రోజుల్లోపు పోలీసులకో, ఏసీబీకో చెబితే నేరం కాదు. ఎనిమిదో రోజున చెప్పుకుంటే చిక్కే. పేదవాళ్ళకి ఏడు రోజులు మరీ తక్కువ గడువు. అయినా చట్టం అలా ఉంది కాబట్టి తెలుసుకుని ఉండాలి.

ఒక నిష్ఠూరం కూడా చెప్పుకోవాలి. ఎన్నికలప్పుడు ఇంటికొచ్చి కవరు ఇస్తారు. ఇచ్చేవాడు నవ్వుతూ ఇస్తాడు, పుచ్చుకునేవాళ్ళు తలుపు చాటున పుచ్చుకుంటారు. ఓటుకి రెండు వేలు అనుకోండి. ఐదేళ్ళకి 1,825 రోజులు. రోజుకి రూపాయి పది పైసలు కూడా పడదు. రూపాయికి ఇప్పుడు ఒక చాక్లెట్ వస్తుంది. ఆ ఇచ్చినవాడు తరవాత ఎక్కడ రాబట్టుకుంటాడో మొదట చెప్పిన హమాలీ భార్యని అడగండి.

ఆమె కథ ఇంకా కాస్త ఉంది.

ఆమె రాత్రి బడిలో చేరింది. మొదట పేరు రాయడం నేర్చింది. తరవాత బస్సు మీద బోర్డు చదివింది. ఆరు నెలల్లో కూడబలుక్కుని పేపరు చదవగలిగింది. ఆ మధ్య వాళ్ళ వీధిలోనే ఒకామె మొగుడు పాము కరిచి పోయాడు. ఆ పిల్లకి ఇరవై ఆరేళ్ళు. చంకలో బిడ్డ. "అక్కా, నువ్వు చెప్పావు కదా, ఆయనకి ఎంతివ్వాలి?" అని అడిగింది.

హమాలీ భార్య కాసేపు మాట్లాడలేదు. తరవాత "పద, నేనొస్తా" అంది.

ఆఫీసు వసారాలో ఆ మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడు. "ఏమ్మా, మళ్ళీ వచ్చావా? ఈసారి ఎవరిది?" అని పలకరించాడు. ఆమె జవాబు చెప్పలేదు. గోడ మీద ఒక బోర్డు ఉంది. పోయినసారి నాలుగుసార్లు ఆ బోర్డు కిందే కూర్చుంది. అప్పుడు అది ఒట్టి రంగు పూసిన రేకు. ఇప్పుడు నిలబడి చదివింది. ఏ పనికి ఎంత రుసుం, ఎన్ని రోజులు అని రాసి ఉంది. వేలు పెట్టి ఒక్కొక్క వరసే చదువుతుంటే వెనక నలుగురు చేరారు. "మా పనికి ఎన్నాళ్ళని ఉందో చూడమ్మా" అని ఒక ముసలాయన అడిగాడు.

లోపల గుమాస్తా దరఖాస్తు తీసుకుని పక్కన పడేశాడు. "సరే, సోమవారం రండి" అన్నాడు.

"రసీదు ఇయ్యండి బాబూ" అంది ఆమె.

"దీనికి రసీదేంటమ్మా?"

"దరఖాస్తు తీసుకున్నట్టు ఇయ్యండి. తేదీ వేసి, సంతకం పెట్టి ఇయ్యండి."

గుమాస్తా ఆమె మొహం చూశాడు. గుమ్మంలో నిలబడ్డ నలుగురినీ చూశాడు. చిన్న కాగితం తీసి గబగబా రాసి ఇచ్చాడు. చంటిబిడ్డ తల్లి చెయ్యి చాపింది. హమాలీ భార్య ఆ కాగితం ముందు తను తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి పెదాలు కదుపుతూ మెల్లగా చదివింది. మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఈ పిల్ల మొగుడి పేరు వెంకటేశు. మీరు వెంకటేశం అని రాశారు. ఆ సున్నా తీసేసి కొమ్ము పెట్టండి" అంది.